అరవై రూపాయల నమ్మకస్తుడు

మనిషి నిజాయితీని తూచడానికి లోకంలో ఎన్నో త్రాసులున్నాయి. వాటన్నిటిలోకీ కచ్చితమైనది మా ఇప్పలకుంట సేద్యపు పరపతి సంఘంలో ఉంది. ఆ సంఘం సిద్ధాంతం చాలా సులువు. అప్పు చేయనివాణ్ణి నమ్మరాదు. అప్పు చేసి తీర్చినవాణ్ణి కొంత నమ్మవచ్చు. అవసరం పడి అప్పు అడిగినవాణ్ణి మాత్రం దగ్గరికి రానివ్వరాదు. (ఈ సూత్రం ఎవరు రాశారో తెలియదు. ఆయనకు మాత్రం జన్మలో అప్పు అవసరం పడి ఉండదు.)

నేను అక్కడికి రెండు మైళ్ళ దూరంలో, అడవి అంచున ఉన్న తండాలో ఏకోపాధ్యాయ పాఠశాల పంతుల్ని. పిల్లలకు అక్షరాలు నేర్పడం నా ఉద్యోగం. పెద్దలకు దరఖాస్తులు రాసిపెట్టడం నా అసలు పని. 1984లో తండా రైతు భీమ్లా నా దగ్గరికి వచ్చింది దరఖాస్తు కోసమే.

భీమ్లాకు ఒక చెడ్డపేరు ఉండేది. ఆరేళ్ళ కిందట సంఘంలో అప్పు తీసుకుని ఎడ్లజత కొన్నాడు. అందులో ఒక ఎద్దు గురక వ్యాధితో చచ్చిపోయింది. సంఘం లెక్కలో ఎద్దు చావడానికి గడి లేదు కాబట్టి, వాయిదా తప్పిన తప్పంతా భీమ్లా మీదే పడింది. రెండేళ్ళు ఆలస్యంగానైనా వడ్డీతో సహా పైసా మిగల్చకుండా కట్టేశాడు. అయినా ఎగవేతదారుల రిజిస్టరులో అతని పేరు అట్లాగే ఉండిపోయింది.

అతనికిప్పుడు కావలసింది బావికి ఒక మోటారు. బావి తనే తవ్వుకున్నాడు, నీళ్ళున్నాయి. కరెంటు స్తంభం గట్టు దాకా వచ్చి నిలబడింది. మోట కడదామంటే ఉన్నది ఒంటి ఎద్దు. అందుకని ఇరవై గుంటల మిరపతోటకు అతని భార్య కమ్లి బిందెతో నీళ్ళు పోస్తోంది. బావికి ఇరవై రెండు మెట్లు. రోజు విడిచి రోజు నూట ఇరవై బిందెలు. నేను లెక్కల పంతుల్నే గానీ ఆ మెట్ల లెక్క ఎన్నడూ పూర్తిగా వేయలేదు, మనసొప్పలేదు.

సంఘం సెక్రటరీ బసవపున్నయ్యగారు మంచి మనిషే. "మోటారు అప్పు అంటే ఆరువేలు మాస్టారూ! చెడ్డపేరు ఉన్నవాడికి ఎట్లా ఇస్తాం? ముందు పేరు బాగుచేసుకోమనండి" అన్నారు. పేరు బాగుచేసుకునే సాధనాన్ని కూడా ఆయనే బీరువాలోంచి తీసి ఇచ్చారు. నీలి అట్ట, పన్నెండు పేజీలు. దాని పేరు చిన్న పరిమితి పుస్తకం. పరిమితి రెండు వందల రూపాయలు. ప్రతి పంటకూ అందులో అప్పు రాయించుకుని గడువులోగా కట్టాలి. మూడేళ్ళు మచ్చ లేకుండా గడిస్తే మోటారు అప్పుకు అర్హుడు.

పుస్తకం వెనక అట్ట మీద నియమాలున్నాయి. మూడో నియమం ప్రకారం పరిమితిలో మూడో వంతు మించి తీసుకోరాదు. తీసుకున్నవాడు ఆకలి మీద ఉన్నట్టు లెక్క. ఆకలి మీద ఉన్నవాడి చేతికి డబ్బు ఇవ్వడం సంఘానికి క్షేమం కాదు. ఏడో నియమం ప్రకారం అసలు తీసుకోకపోవడమూ తప్పే, అది సంఘాన్ని అవమానించడం కిందికి వస్తుంది. కాబట్టి భీమ్లా బాగా ఆలోచించి అరవై రూపాయలు అడిగాడు.

అరవైకి జామీను కావాలన్నారు. జామీనుదారు నెలజీతగాడై ఉండాలి. తండాలో నెలజీతం ఉన్నది రూప్‌సింగ్ ఒక్కడికే, కొత్తగూడెం బొగ్గుబావిలో పని. అతను ఒకరోజు నాగా పెట్టి వచ్చాడు. ఆ నాగా కూలి ముప్పై రూపాయలు భీమ్లా ఇచ్చుకున్నాడు. ఇద్దరి బస్సు చార్జీలు ఎనిమిది, ఫొటోకూ స్టాంపుకూ ఏడు, హోటల్లో భోజనాలకు పది. మొత్తం యాభై అయిదు. సంఘంవారు అరవైలో వాటాధనం కింద ఆరు పట్టుకుని యాభై నాలుగు చేతిలో పెట్టారు.

"యాభై నాలుగు తెచ్చెటందుకు యాభై అయిదు పెట్టిండు సారూ. గీ లెక్క మీ బడిల జెప్తరా?" అని కమ్లి నన్ను అడిగింది.

ఈ లెక్క మా బడిలో చెప్పరని వివరించాను.

ఆరు నెలల తర్వాత సంఘం తనిఖీదారు వెంకటరామారావుగారు తండాకు వచ్చారు. ఎరువు కోసమని ఇచ్చిన అరవై రూపాయలు ఎరువుగా మారాయో లేదో చూడటం ఆయన విధి. చేతిలో టేపు కూడా ఉంది. భీమ్లా ఆయన్ని సంతోషంగా ఇంట్లోకి తీసుకుపోయాడు. రేకుపెట్టె తీసి, గుడ్డమూట విప్పి, యాభై నాలుగు రూపాయలూ ఆయన ముందు పరిచాడు. నోటు మడత కూడా నలగలేదు.

"ఒక్క పైస ముట్టలే సారూ! మీ సొమ్ము మీకిచ్చెటప్పుడు కమ్మి గావద్దని మూటగట్టి పైలంగ దాసిన. పండుగకు గూడ తియ్యలే!"

తండాలో మాట అంటే అదే. ఎవరైనా ఒక వస్తువు దాచమని ఇస్తే, ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగి ఇవ్వడంలోనే ఇచ్చినవాడి గౌరవం, దాచినవాడి గౌరవం రెండూ ఉన్నాయి. వెంకటరామారావుగారు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టారు. తర్వాత జేబులోంచి కలం తీసి, తనిఖీ కాగితం మీద 'ఋణము దుర్వినియోగమైనది' అని రాశారు.

ఇక్కడ నాకు కోపం వస్తుంది. వ్యంగ్యం రాసేవాడికి కోపం రాకూడదంటారు. వాళ్ళు ఆ నోట్లను చూడలేదు.

నేను సంఘం ఆఫీసుకు పోయి గొడవపెట్టాను. బసవపున్నయ్యగారు నా మాటలకు కరిగి, కాఫీ తెప్పించి, భీమ్లాను క్షమించారు. క్షమకు షరతు ఒకటే, ఆ రోజు నుంచి మూడేళ్ళూ మళ్ళీ మొదలు. పైగా ఇకముందు ఎరువు కొన్నట్టు రసీదు తప్పనిసరి. భీమ్లా దొడ్డినిండా సొంత పెంట ఉంది, కానీ దానికి రసీదు లేదు. మా చుట్టుపక్కల రసీదు ఇవ్వగల పశువులు సెక్రటరీగారివి మాత్రమే. అందుచేత భీమ్లా ప్రతి పంటకూ యాభై నాలుగు రూపాయలు సంఘం గుమ్మం ముందు నుంచి తీసుకుని, సంఘం వెనకాల ఉన్న ఆయన కొట్టంలో కట్టి వచ్చేవాడు.

1986 ఎండాకాలం మొదట్లో కమ్లి బడికి వచ్చింది. ఎడమ భుజం కిందికి వాలిపోయి ఉంది. దవాఖానాలో చూపించుకుంటే బరువు మోయొద్దన్నారట.

"మీరన్న జెప్పుండ్రి సారూ, గా బుక్కు వాపస్ ఇచ్చెయ్యమని. గది ఇంట్ల ఉన్నన్ని దినాలు ఈయన మోటరొస్తదనే అంటడు. అది లేకుంటె ఉన్న ఒక్క ఎద్దునమ్మి, ఇంకేదన్న జేసుకుందుము."

భీమ్లా వెనకే వచ్చాడు. "ఇప్పటికి ఏడాది గడిసె. ఇంక రెండేండ్లే గదనే! ఇప్పుడిచ్చేస్తె ఇన్నొద్దుల కష్టం వోతది."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను బాధ్యత గల పంతుల్ని కాబట్టి తేల్చి చెప్పే ముందు సెక్రటరీగారిని అడిగి వచ్చాను.

"నిరభ్యంతరంగా ఇచ్చెయ్యమనండి మాస్టారూ. మేమేమన్నా బలవంతపెట్టామా? కాకపోతే మంచిపేరు పుస్తకంలో ఉంటుంది, చెడ్డపేరు రిజిస్టరులో ఉంటుంది. పుస్తకం ఇచ్చేస్తే దాన్ని చించేస్తాం. రిజిస్టరు చించడానికి మాకు అధికారం లేదండీ" అన్నారాయన.

ఇంత స్పష్టంగా చెప్పిన తర్వాత ఇంక సలహా ఏముంటుంది? ఉంచుకోమన్నాను. నా మాట మీద కమ్లి ఇంకో రెండేళ్ళు నీళ్ళు మోసింది, ఈసారి కుడి భుజం మీద. ఆ సలహా నేను ఇచ్చి ఉండాల్సింది కాదు.

1987 చివర్లో మూడేళ్ళు నిండాయి. ఆరు పంటలు, ఆరు వాయిదాలు, ఆరు రసీదులు. పుస్తకంలో ఎర్ర సిరా చుక్క ఒకటి కూడా లేదు. మోటారు దరఖాస్తు నేనే నా మంచి దస్తూరీతో రాశాను. వెంకటరామారావుగారు పొలం తనిఖీకి వచ్చారు. బావి కొలిచారు, స్తంభం కొలిచారు, మిరపచెట్లను మెచ్చుకున్నారు. కమ్లి మెట్లెక్కి పైకి వస్తుంటే ఆమెను ఆపి మంచినీళ్ళు అడిగి తాగారు. తాగి, ఆమెనే కాసేపు చూస్తూ ఏదో రాసుకుని వెళ్ళారు.

నెల తర్వాత కవరు వచ్చింది. భీమ్లా, కమ్లి పొలం నుంచి తిన్నగా బడికి తెచ్చారు. పిల్లల్ని బయటికి పంపి, నేను చదివి వినిపించాను. దరఖాస్తుదారుడు మూడు సంవత్సరములుగా మోటారు లేకుండగనే పంట తీసి, ఒక్క వాయిదా కూడ తప్పక చెల్లించియున్నాడు. కావున అతనికి మోటారు అవసరము లేదని అతని సత్ప్రవర్తనయే రుజువు చేయుచున్నది. దరఖాస్తు తిరస్కరించడమైనది. అతని క్రమశిక్షణను అభినందిస్తూ, పుస్తకపు పరిమితిని రెండు వందల నుండి రెండు వందల యాభైకి పెంచడమైనది.

భీమ్లా రుమాలులోంచి నీలి పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టాడు. "రేపు పొద్దుగాల్నే పోయి ఇచ్చేసొస్త సారూ. సించుకుంటరో, ఏం జేసుకుంటరో" అన్నాడు. ఈసారి నేను వద్దనలేదు.

కవరులో ఇంకో కాగితం ఉంది, తనిఖీ నివేదిక నకలు. అందులో పదకొండో గడిలో, 'ప్రస్తుత నీటి వనరు' అన్న చోట, వెంకటరామారావుగారు 'భార్య' అని రాశారు. దాని పక్కన 'వనరు స్థితి' అన్న చోట, 'తృప్తికరముగా పనిచేయుచున్నది, మరమ్మతు అవసరము లేదు' అని ఉంది. ఆ కాగితం మాత్రం నేను పైకి చదవలేదు.

కమ్లి గుమ్మంలో నిలబడి భుజం ఒత్తుకుంటోంది. "గా సారు ఆ దినం నా మొకం సూసుకుంటనే రాసిండు. నా గురించి ఏం రాసిండు సారూ?" అని అడిగింది.

నువ్వు బాగున్నావని రాశారమ్మా, అన్నాను.