మాజీ తిరుగుబాటుదారులకు ఒక శాలువా

అంతర్యుద్ధం వల్ల మేలే తప్ప కీడు లేదు. అమెరికాలో, కమ్మింగ్ అనే ఊళ్లో ఉండి కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

సభలో జ్యోతి ఎవరు వెలిగించాలన్న మౌలికమైన ప్రశ్న మీద మా తెలుగు సంఘం రెండుగా చీలింది. రెండేళ్లపాటు ఒకే స్కూల్లో, ఒకే సాయంత్రం రెండు ఉగాదులు జరిగాయి. సంఘం వారిది ఆడిటోరియంలో, తిరుగుబాటుదారులది పార్కింగ్ లాట్‌లో. వానలో గొడుగులు పట్టుకుని ఉగాది పచ్చడి కలిపిన వీరులు వారు. పులిహోర తడిసింది గాని ఒక్కరూ లొంగలేదు!

ఈమధ్య రాజీ కుదిరింది. ఇకపై రెండు పక్షాలూ ఒకే అగ్గిపుల్లతో జ్యోతి వెలిగిస్తాయట. మరి పోరాడినవాళ్ల మాటేమిటి? అందుకని మాజీ తిరుగుబాటుదారులు విడిగా ఒక సంఘం పెట్టుకున్నారు. తమను స్టేజి మీదికి పిలవాలి, శాలువాలు కప్పాలి, జరిగింది పోరాటమేనని మైకులో ఒప్పుకోవాలి అన్నది వాళ్ల డిమాండు.

మొన్న నన్ను మధ్యవర్తిగా కూర్చోబెట్టారు.

"అది ఫైట్ కాదంకుల్, జస్ట్ మిస్‌అండర్‌స్టాండింగ్" అంది సంఘం సెక్రటరీ ఉజ్వల.

"మిస్‌అండర్‌స్టాండింగ్‌కి ఎవరైనా వానలో పచ్చడి కలుపుతారా అమ్మా?" అన్నారు తిరుగుబాటు నాయకుడు, రిటైర్డ్ డాక్టర్ పద్మనాభంగారు. "నాకు న్యుమోనియా వచ్చింది."

"జలుబంకుల్ అది. అప్పుడు మీరే చెప్పారు."

"యుద్ధంలో ఉన్నవాడు నిజం చెబుతాడా?"

నా సానుభూతి వీరులకే. ఎందుకంటారా? యుద్ధం మొదలైన ఏడే మా ఆవిడ లీల పోయింది. ఒంటరిగా మిగిలిన నన్ను తమవైపు తిప్పుకోవడానికి ఉజ్వల ప్రతి మంగళవారం దోసకాయ పప్పు తెచ్చేది. సంగతి తెలిసి పద్మనాభంగారు మర్నాడే గుత్తివంకాయ కూర పట్టుకొచ్చేవారు. వచ్చినవాళ్లు వెంటనే వెళ్లేవారు కాదు. అవతలి పక్షం వంటలో ఉప్పెక్కువైందేమోనని నా బీపీ చూసేవారు, ఎదురుగా కూర్చుని తినిపించి గాని కదిలేవారు కాదు. శత్రుత్వంలో ఇంత దయ ఉంటుందని నాకు తెలియదు.

ఇప్పుడు శాంతి వచ్చింది. నేను ఎటువైపున్నా వాళ్లకు ఒకటే. వాళ్ల గిన్నెలు రెండూ కడిగి వంటగట్టు మీద పెట్టాను. వాటికోసమైనా ఎవరూ రాలేదు.

అందుకే బాగా ఆలోచించి తీర్పు చెప్పాను. వీరులందరికీ కలిపి శాలువా ఒక్కటే ఇవ్వాలి. అది ఎవరికన్నది వాళ్లలో వాళ్లే తేల్చుకోవాలి.

వచ్చే మంగళవారం నేను అన్నం ఒక్కటే వండుకుంటాను.