గురువారం నాటి కషూపా

ఓటర్ల జాబితాలో పేరు రాయించుకోవడానికి ఆ గురువారమే ఆఖరి రోజు. లిస్బన్ శివారు కొండమీద, కేప్ వర్డ్ దీవుల నుంచి వచ్చినవాళ్ళం కట్టుకున్న పేట మాది. పేట తరఫున ఫోర్తునాత వార్డు సభకు నిలబడింది. మావాళ్ళొకరు ఆ సభలో కూర్చోవడం అంతవరకూ ఎవరూ చూడలేదు. నిలబడితే సరా, ఓటేసేవాళ్ళు ఉండొద్దూ? జాబితాకెక్కినవాళ్ళు ఇద్దరే: తనూ, మొగుడు అన్సెల్మోనూ. ఆమె మూడుసార్లు మీటింగు పెడితే మూడుసార్లూ వచ్చింది ఒక పిల్లి.

మాటకు కదలనివాళ్ళు ముద్దకు కదులుతారనుకుంది ఫోర్తునాత. తెల్లవారుతూనే వీధిలో పొయ్యి పెట్టి, మొక్కజొన్నలు, చిక్కుడుగింజలు, పందికాళ్ళు వేసి పెద్ద డేగిసాతో కషూపా ఎక్కించింది. తిన్నవాళ్ళను తిన్నట్టే వార్డు ఆఫీసుకు తోలుకుపోవాలని ఆమె పథకం.

ఆ హడావుడిలో ఒక్క సంగతి మరిచింది. మా పేటలో ఆదివారం వీధిలో డేగిసా ఎక్కిందంటే ఎవరింటికో స్లాబు పోస్తున్నట్టు. పనిదినాన ఎక్కిందంటే ఎవరో పోయినట్టు.

ఎదురింటి ఎర్మెలిందా కిటికీ తీసింది. డేగిసా చూసింది. ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళు తుడుచుకుంటున్న ఫోర్తునాతను చూసింది. గుమ్మంలో అన్సెల్మో కుర్చీ ఖాళీ. చావింట్లో ఎవరు పోయారని అడగడం మాలో మర్యాద కాదు. అందుకని ఆమె అడగకుండా పేటంతా చెప్పింది.

పదింటికల్లా జనం రావడం మొదలైంది. అందరివీ నల్లబట్టలే. ఆఫీసుకు పద్ధతిగా వెళ్దామని కాబోలు, ఎంత బుద్ధిమంతులు, అనుకుని మురిసిపోయింది ఫోర్తునాత.

"ధైర్యంగా ఉండు వదినా," అంది ఎర్మెలిందా ఆమెను కావలించుకుని.

"ధైర్యానికేం తక్కువ? నెలరోజుల్నించీ ఈ రోజు కోసమే చూస్తున్నా."

ఎర్మెలిందా గతుక్కుమంది. "నెల నుంచా? మాకొక్క మాటైనా చెప్పలేదేం?"

"ఇంటింటికీ వచ్చి చెప్పాగా. మీరు వింటేనా?"

దుఃఖంతో మతి చలించిందని ఆడవాళ్ళు గుసగుసలాడారు. శోకాలు పెట్టడంలో పేరున్న ముసలి జుజీన్య గొంతు సవరించుకుని, అన్సెల్మో మంచితనం ఎత్తుకుంది. రెండో చరణంలో ఉండగా, గాలం భుజాన వేసుకుని, మూడు చేపలతో అన్సెల్మో సందు మలుపు తిరిగాడు.

"ఎవరు పోయారే?" అన్నాడు అతను, టోపీ తీస్తూ.

జుజీన్య శోకం ఆపి అతన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వేరా సన్నాసీ," అంది జుజీన్య. "నీలో లేని గుణాలు ఎన్ని వెతికి పెట్టానో తెలుసా? నీ కోసం పని మానుకుని రెండు బస్సులు మారి వచ్చా."

ఫోర్తునాత చేతిలో గరిటె ఆగింది. పని మానుకుని! ఓటుకైతే ఏ యజమాని సెలవిస్తాడు? చావుకైతే కాదనలేడు. ఆమె డేగిసా మీద మూత పెట్టి, దాని ముందు నిలబడింది.

"గుర్తింపు కార్డులున్నాయా అందరికీ?"

"జేబులో లేకుండా మనం కొండ దిగుతామా?" అన్నారెవరో.

"అయితే దిగండి. పేరు రాయించుకొచ్చినవాళ్ళకే భోజనం. ఏడ్చి వచ్చారు, ఆకలిగా ఉంటుంది."

ఎనభైమూడు మంది నల్లబట్టల్లో బారులు తీరి కొండ దిగుతుంటే కార్లు ఆగి దారిచ్చాయి. ఆఫీసులో గుమస్తా లేచి నిలబడి, వరుస లేకుండా లోపలికి పంపించింది. మూడింటికల్లా ఎనభైమూడు పేర్లూ జాబితాకెక్కాయి. ఫోర్తునాత ఒక్కొక్క పేరూ పెదవులతో చదువుకుంది. ఎన్నాళ్ళకో ఆమె కడుపు నిండింది, తినకుండానే.

అప్పుడు గుమస్తా ఆమె చెయ్యి పట్టుకుంది.

"మీవారి విషయంలో బాధపడకండమ్మా. శ్మశానం కూడా మా ఆఫీసు కిందిదే కదా. పొద్దున ఎర్మెలిందాగారు ఫోన్ చెయ్యగానే మంచి చోటు రాసిపెట్టాను. ఓటర్ల జాబితాలో ఆయన పేరు కూడా కొట్టేశాను, మీకు మళ్ళీ ఆ తిరుగుడు ఎందుకని."

వెనకాలే ఉన్న అన్సెల్మో చేపలతో ముందుకొచ్చాడు. "అమ్మా, నేను బతికే ఉన్నాను."

గుమస్తా అతన్నీ, చేపల్నీ చూసి, కళ్ళద్దాలు సర్దుకుంది. "దానికి వేరే దరఖాస్తు ఉందండీ. తేలడానికి ఆరు వారాలు. ఎన్నికలు అయిదు వారాల్లో."

అన్సెల్మో లబోదిబోమన్నాడు. ఫోర్తునాత మాత్రం దరఖాస్తు మడిచి సంచిలో వేసుకుని, నింపడానికి తొందరేం లేదంది.

అతను ఇరవై ఏళ్ళుగా అవతలి పార్టీకే వేస్తున్నాడు.