డిస్‌ప్లే దొంగలు వర్ధిల్లాలి!

ఎలక్ట్రిక్ సైకిల్ కొన్న ప్రతి మనిషికీ జీవితంలో ఒక్కసారైనా దాని డిస్‌ప్లే చోరీ కావాలి. కాకపోతే వాడి బతుకు బతుకే కాదు!

కోపగించుకోకండి. నేను మతి ఉండే మాట్లాడుతున్నాను. డిస్‌ప్లే అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం ముందు రెండు ముక్కలు చెబుతాను. సైకిల్ హ్యాండిల్ మధ్యలో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదిగా ఒక అద్దం పలక ఉంటుంది. ఎంత వేగంతో పోతున్నారు, బ్యాటరీ ఎంత మిగిలింది, మోటారు మీకెంత సాయం చేస్తోంది, అన్నీ అదే చెబుతుంది. అది లేకపోతే మోటారు కదలదు. మోటారు కదలకపోతే ఇక మిగిలేది పాతిక కిలోల ఇనుము, దాని మీద ఎనభై ఆరు కిలోల నేను.

ఇంతటి ప్రాణప్రదమైన వస్తువును కంపెనీవారు దేనితో బిగించారనుకున్నారు? ఒకే ఒక్క స్క్రూతో! మా ఇంట్లో బిస్కెట్ల డబ్బా మూత తియ్యడం ఇంతకంటే కష్టం.

నా మొదటి డిస్‌ప్లే సెలూన్ ముందు పోయింది. లోపల జుట్టుకు రంగు వేయించుకుని, వయసులో పదేళ్లు తగ్గించుకుని, హుషారుగా బయటికొచ్చాను. చూస్తే హ్యాండిల్ మధ్యలో ఒక వైరు ముక్క వేలాడుతోంది. ఇంటికి మూడు కిలోమీటర్లు. మధ్యలో ఒక ఫ్లైఓవర్. తొక్కాను. తగ్గించుకున్న పదేళ్లూ ఫ్లైఓవర్ సగానికి వచ్చేసరికి వడ్డీతో సహా తిరిగొచ్చాయి.

కానీ నిదానంగా ఆలోచించండి! నా డాక్టరు ఆరేళ్లుగా మొత్తుకుంటున్నాడు, ఒళ్లు వంచి వ్యాయామం చెయ్యమని. ఫీజు తీసుకుని చెబితే నేను విన్నానా? ముక్కూ మొహం తెలియని ఒక దొంగ, పైసా అడగకుండా, అర నిమిషంలో చేయించాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప వైద్యుడు? మీరే చెప్పండి!

"బావా, పోయింది డిస్‌ప్లేనే కదా, సైకిల్ ఉందిగా!" అని మా బావమరిది ఫోన్‌లో ఓదార్చాడు. ఆ సైకిల్ నాచేత కొనిపించిన పుణ్యాత్ముడు ఆయనే. ఆయన ఓదార్పు ఎప్పుడూ ఇలాగే పుండు మీద కారం చల్లినట్టు చల్లగా ఉంటుంది.

రెండో డిస్‌ప్లే పోలేదు. దానికి అంతకంటే పెద్ద గౌరవం దక్కింది. బ్యాంకు ముందు ఎవరో మహానుభావుడు తాళంచెవితో దాని మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కొట్టివేత గుర్తు గీసి పోయాడు. దొంగకైనా మన వస్తువంటే కాస్త మర్యాద ఉంటుంది, ముద్దుగా ఇంటికి తీసుకెళతాడు. ఈయనకు ఏం కావాలి? ఏమీ వద్దు! ఎవరో ముక్కూమొహం తెలియనివాడి అద్దం ఖరాబు చెయ్యడానికి ఎండలో నిలబడి తన తాళంచెవి అరగదీసుకున్నాడు. ఇంత నిస్వార్థం ఈ రోజుల్లో ఎక్కడుంది?

ఆనాటి నుంచి నేను సైకిల్ ఎక్కడ ఆపినా డిస్‌ప్లే విప్పి జేబులో వేసుకోవడం మొదలుపెట్టాను. దీనివల్ల కలిగిన లాభాలు ఇన్నీ అన్నీ కావు. పళ్ల డాక్టరు కుర్చీలో పడుకుని పిడికిట్లో దాన్ని బిగించి పట్టుకుంటే, పాపం భయపడుతున్నానని ఆవిడ ఇంకో మత్తు ఇంజెక్షన్ అదనంగా ఇచ్చింది. ఒక పరామర్శకు వెళ్లి, కళ్లొత్తుకుందామని జేబులోంచి చేతిగుడ్డ తీయబోతే డిస్‌ప్లే చేతికొచ్చింది. నలుగురూ చూస్తున్నారు, వెనక్కి పెడితే బాగుండదు. దాంతోనే ఒత్తుకున్నాను. అంత వింతగా ఏడ్చినవాణ్ని ఆ ఇంట్లో వాళ్లు ఇంకొకణ్ని చూసి ఉండరు.

చివరికి ఒక ఆదివారం అది నా ప్యాంటుతోపాటు వాషింగ్ మెషిన్‌లో పడింది.

"ఏమండీ, మీ డిస్‌ప్లే ఎంత తెల్లగా వచ్చిందో చూడండి," అంది మా ఆవిడ, దాన్ని తాడు మీద చొక్కాల పక్కన క్లిప్పు పెట్టి ఆరేస్తూ. నేను ఏమన్నా అంటే తనకు ఇంకా బోలెడు మాటలున్నాయని ఆ క్లిప్పు పెట్టిన తీరులోనే తెలిసింది.

మూడోది కొన్నాను. ఈసారి బలంతో కాదు, బుర్రతో కాపాడుకోవాలని నిశ్చయించుకున్నాను.

ఇక్కడ నా వృత్తి గురించి చెప్పాలి. మందుల కంపెనీలో అట్టపెట్టెల మీద బొమ్మలూ అక్షరాలూ కూర్చే డిజైనర్‌ని. ఇరవై రెండేళ్లుగా దగ్గు మందు పెట్టె మీద గొంతు బొమ్మ, మోకాళ్ల మందు పెట్టె మీద మోకాలి బొమ్మ గీస్తున్నాను. చూసిన ప్రతివాడూ మందు మింగి పెట్టె పారేస్తాడు. నా కళకు ప్రేక్షకులు చెత్తబుట్టలే.

అటువంటి నేను ఒక శనివారం మధ్యాహ్నం, సన్నటి బ్రష్షూ మా ఆవిడ గోళ్ల రంగు సీసాలూ ముందేసుకుని, కొత్త డిస్‌ప్లే మీద పగుళ్లు గీశాను! మూలన దెబ్బ తగిలిన చోటు, అక్కడి నుంచి చెట్టు వేళ్లలా పాకిన సన్నని గీతలు, లోపల నీళ్లు చేరినట్టు ఒక మచ్చ, అంచున కాస్త మసి. అంకెలు కనిపించడానికి మధ్యలో చిన్న సందు. అడుగు దూరం నుంచి చూస్తే నాకే ప్రాణం ఉసూరుమంది. అది గీసినవాణ్ని నేనేనని తెలిసి కూడా!

పగిలినదాన్ని దొంగ ఎత్తుకెళ్లడు. పగిలినదాన్ని తాళంచెవి పుణ్యాత్ముడు మళ్లీ పగలగొట్టడు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు! ఇక దాన్ని ఎక్కడా విప్పేవాణ్ని కాదు. బ్యాంకు ముందు, సెలూన్ ముందు, సంత మధ్యలో, ఎక్కడంటే అక్కడ వదిలేసి దర్జాగా పోయేవాణ్ని. దొంగలే లేకపోతే నాలోని ఈ కళాకారుడు బయటపడేవాడా? అందుకే అంటున్నాను, వాళ్లు నిండు నూరేళ్లు వర్ధిల్లాలి!

మా ఆఫీసు కింద సైకిల్ స్టాండు ఉంది. దాన్ని చూసుకునే పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. ఎవరూ అడక్కుండానే పొద్దున్నే అందరి సీట్లూ గుడ్డతో తుడిచేవాడు. నా పగుళ్లను మొట్టమొదట చూసింది ఆయనే.

"అయ్యయ్యో, పగిలిపోయిందే సార్! కొత్తదేగా మొన్ననే పెట్టించారు?"

"ఏం చేస్తాం పెద్దాయనా, నా రాత," అన్నాను గంభీరంగా.

నిజం చెప్పొచ్చుగా అంటారా? మీరు భలే అమాయకులు. ఒకరికి చెబితే అది రహస్యం ఎలా అవుతుంది? పైగా ఆయన మొహంలో ఆ బాధ చూస్తుంటే నాకు ఎంత సంతోషంగా ఉందో! ఇరవై రెండేళ్లలో నా బొమ్మను అంత సేపు చూసినవాడు ఇంకొకడు లేడు. ఆయన రోజూ దాన్ని చూసి జాలిగా పెదవి చప్పరించేవాడు, నేను రోజూ నిట్టూర్చేవాణ్ని. అలా మూడు వారాలు గడిచాయి.

ఒక సాయంత్రం కిందికి దిగేసరికి డిస్‌ప్లే లేదు.

వైరు కొసకు దుమ్ము పట్టకుండా నీట్‌గా టేపు చుట్టి ఉంది. ఎంత శుభ్రత తెలిసిన దొంగో అనుకున్నాను తప్ప, దొంగ టేపు ఎందుకు చుడతాడని ఈ మేధావికి తట్టలేదు. పెద్దాయన కుర్చీ ఖాళీగా ఉంది. అడిగితే గంట ముందే పర్మిషన్ తీసుకుని వెళ్లాడన్నారు. ఇంకేం కావాలి? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టేశాను! మళ్లీ పైకెక్కి, అడ్మిన్ ఆఫీసర్‌కు రెండు పేజీల కంప్లైంట్ రాసిచ్చాను. డిజైనర్‌ని కదా, స్టాండు పటం గీసి, ఆయన కుర్చీ నుంచి నా సైకిల్‌కు బాణం గుర్తు కూడా పెట్టాను. ఆఫీసర్ అక్కడికక్కడే కాంట్రాక్టర్‌కు ఫోన్ చేశాడు.

"రేపట్నుంచి ఆయన్ని పంపకండి."

నా ఉద్యోగ జీవితంలో ఒక ఫైలు అంత వేగంగా కదలడం అదే మొదలు.

మర్నాడు పొద్దున బస్సు దిగి వస్తుంటే ఆయన గేటు బయట నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే గబగబా ఎదురొచ్చి, చేతిరుమాలులో కట్టింది విప్పాడు. నా డిస్‌ప్లే! తళతళా మెరుస్తోంది. ఒక్క పగులూ లేదు.

"మా అల్లుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు సార్. మీరు రోజూ బాధపడుతుంటే చూడలేక నిన్న తీసుకెళ్లా. మీకు చెబుదామని పైకి ఫోన్ చేస్తే మీటింగన్నారు. ఎలాగూ పగిలిందే కదా, ఒక్క పూట లేకపోతే ఏముందిలే అనుకున్నా. చూస్తే అద్దం పగల్లేదంట సార్! పైన ఎవడో వెధవ ఏదో పూశాడంట. మా అమ్మాయి కూర్చుని మందేసి తుడిచింది."

ఆ వెధవ తల దించుకుని నిలబడ్డాడు.

"సార్, ఇంకో మాట. ఎవరో ఏదో రాసిచ్చారంట, నన్ను లోపలికి వద్దంటున్నారు. మీ మాటంటే వింటారు. కాస్త చెప్పండి సార్."

పాఠకులారా, ఆ క్షణంలో రాసిచ్చింది నేనేనని ఆయనతో చెప్పానని మీరు అనుకుంటే, నా మీద మీకున్న గౌరవానికి కృతజ్ఞతలు. "చూస్తాను" అని లోపలికి వెళ్లిపోయాను. సిగ్గుపడ్డానని మాత్రం ఒప్పుకుంటున్నాను.

అడ్మిన్ ఆఫీసర్‌కు ఇంకో కాగితం ఇచ్చాను. పెద్ద తెలివిగా, ఎవరి తప్పూ లేకుండా, 'సదరు వస్తువు లభ్యమైనది' అని రాశాను.

"ఎవరి దగ్గర లభ్యమైంది?" అన్నాడాయన.

"ఆయన దగ్గరే."

"మరింకేం! మీ అనుమానం నిజమేనన్నమాట!"

అప్పుడిక గత్యంతరం లేక గోళ్ల రంగు దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. ఆఫీసర్ పడీపడీ నవ్వాడు. పక్క సెక్షన్ వాళ్లను పిలిచి మళ్లీ చెప్పించాడు. మధ్యాహ్నానికల్లా మా ఫ్లోర్ అంతా నవ్వింది. నవ్వడం అయిపోయాక ఆఫీసర్, కాంట్రాక్టర్ అప్పటికే వేరే మనిషిని పెట్టేశాడనీ, ఇప్పుడు మారిస్తే బాగుండదనీ చెప్పాడు. గేటు దగ్గరికి పరుగెత్తాను. పెద్దాయన లేడు.

ఇంట్లో చెబితే మా ఆవిడ నవ్వలేదు. "వెతకండి," అంది.

వెతికాను. ఎనిమిది రోజులు. మొదటి డిస్‌ప్లే పోయినప్పుడు దొంగ కోసం కూడా నేను అంత తిరగలేదు. ఆ దొంగ ఒక అద్దం పలక పట్టుకుపోయాడు, అంతే. అక్కడితో ఆగాడు. నేను ఆగలేదు.

ఆసుపత్రి వెనక సైకిల్ స్టాండులో కనిపించాడు. ఎండకు తడిక కూడా లేదు. సైకిల్ స్టాండు వేసి, ఆయన ముందు నిలబడి, కంప్లైంట్ రాసింది నేనేనని చెప్పాను. బొమ్మ గీసిందీ నేనేనని చెప్పాను. క్షమించమని అడిగాను.

"తెలుసు సార్. ఆ రోజు మీరు లోపలికెళ్లాక సెక్యూరిటీ అతను చెప్పాడు," అన్నాడు. నా హ్యాండిల్ వైపు చూసి, "అయినా ఎంత బాగా గీశారు సార్! నిజంగా పగిలిందనే నమ్మాను," అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఉంటుందేమోనని వెతికాను. లేదు.

అదే ఆసుపత్రిలో ఉన్న మా బంధువును కూడా చూసి వస్తానని కదలబోయాను.

"సార్, ఆ డిస్‌ప్లే విప్పి తీసుకెళ్లండి."

"ఉండనివ్వండి పెద్దాయనా. మీరుండగా నాకేం భయం?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మీకు లేదు సార్. నాకుంది. ఎవడన్నా ఎత్తుకుపోతే ఈ పని కూడా పోద్ది. తీసుకెళ్లిపోండి."

జేబులోంచి స్క్రూ తిప్పే కీ తీసి విప్పడం మొదలుపెట్టాను. స్క్రూ త్వరగా రాలేదు. అది కిందపడితే మళ్లీ దొరకదని, ఆయన దాని కింద తన అరచెయ్యి పట్టి నిలబడ్డాడు.