మూడో భాగంలో భ్రమరాంబ

క్షిపణి మూడో భాగంలో, బ్యాటరీకి వెనక, రెక్కలు తిప్పే మోటార్లకు ముందు, యల్లంకి భ్రమరాంబ ఉంటుందని డ్రాయింగులో రాసి ఇరవై ఆరేళ్లయింది. ఆ డ్రాయింగు మీద పద్నాలుగు సంతకాలున్నాయి. అందులో ఒకటి ఆవిడదే.

మొదట ఎవరూ అలా అనుకోలేదు. వ్యోమ రక్షణ వ్యవస్థల కేంద్రంలో ఆమె చేరిన రెండో ఏడు, క్షిపణి బరువు ఎటూ ఒరగకుండా సరిగ్గా సర్దుకుందో లేదో చూడాల్సిన రోజు వచ్చింది. అన్ని భాగాలూ వచ్చాయి కానీ దారి చూపే పెట్టె మాత్రం కంపెనీ నుంచి రాలేదు. దాని బరువు అరవై ఒక్క కిలోల నాలుగు వందల గ్రాములు. ఆ స్థానంలో ఇసుక మూటలు పెడదామంటే ఇసుకకు నాణ్యతా పత్రం లేదు. సిస్టమ్స్ ఇంజనీరుగా భాగాల బరువులన్నీ రాసి పెట్టేది భ్రమరాంబే కాబట్టి తన బరువు కూడా ఆమెకు గ్రాములతో సహా తెలుసు. "నేను కూర్చుంటాను సార్," అని చెప్పులు విప్పి, కుచ్చిళ్లు దగ్గరగా పట్టుకుని లోపలికి దూరి, మోకాళ్లు ముడుచుకుని పదకొండు నిమిషాలు కూర్చుంది. క్షిపణి వెంట్రుకవాసి కూడా ఒరగలేదు. బయట అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు లోపల ఎలా వినిపించాయో ఆమె తర్వాత చాలామందికి చాలాసార్లు చెప్పింది.

డ్రాయింగులో ఆమె పేరు పక్కన పెన్సిల్‌తో 'తాత్కాలికం' అని రాశారు. మరుసటి ఏడు ఆ డ్రాయింగును ఇంకుతో తిరగరాసినప్పుడు ఆ ఒక్క మాట వదిలేశారు. అసలు పెట్టె రెండేళ్లకు వచ్చింది. తనిఖీవాళ్లు దాన్ని ఆమోదం పొందిన భాగంతో, అంటే భ్రమరాంబతో, పక్కపక్కన పెట్టి పోల్చారు. ఆకారంలో తేడా, రంగులో తేడా, పిలిస్తే పలకదు అని మూడు లోపాలు రాసి గోదాముకు పంపేశారు.

అప్పట్నుంచి ప్రతి సోమవారం ఆమెకు తూనిక. భర్త పరంజ్యోతి మౌలాలి హైస్కూల్లో డ్రిల్ మాస్టారు. పెళ్లి భోజనాల్లో ఆమె విస్తరి మీద ఓ కన్నేసి ఉంచేవాడు. "చాలు భ్రమరా, రేపు సోమవారం," అనేవాడు, నలుగురికీ వినపడేలా. సోమవారమైతే ఏమిటని ఎవరైనా అడగాలని అతని ఆశ. కడుపుతో ఉన్నప్పుడు బరువు పెరగడానికి అనుమతి కోరుతూ ఆమె అర్జీ పెట్టింది. కూతురు ఉత్పల బారసాల అయిన మర్నాడు అనుమతి వచ్చింది, తొమ్మిది నెలలకు మించరాదన్న షరతుతో.

ఏడాదికోసారి వేడి గదిలో ఒక పూట, చలి గదిలో ఒక పూట, వణికించే బల్ల మీద నలభై నిమిషాలు ఆమెను ఉంచి పరీక్షించేవారు. ఒకసారి ఆ బల్ల దిగీ దిగగానే, "బ్యాటరీకి ఎడమవైపు నట్టు పాడుతోంది, విప్పి చూడండి," అంది. నూట ఇరవై సెన్సార్లలో ఒక్కటీ ఆ మాట చెప్పలేదు. విప్పి చూస్తే నట్టు కింద సన్నటి పగులు. ఆ రోజు నుంచి కొత్త ఇంజనీర్లకు పాఠం చెప్పే పని కూడా ఆమెకే అప్పగించారు. "ఏ భాగానికి ఆ భాగం బాగానే ఉంటుంది. రెండూ తగిలే చోట చూడండి, తప్పు అక్కడ పుడుతుంది," అనేది. ఆమె కుడి మోచెయ్యి బ్యాటరీకి, వీపు మోటార్లకు తగులుతుంది కాబట్టి ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

ఇరవై ఆరో ఏట క్షిపణి మొదటిసారి ఎగిరే తేదీ ఖాయమైంది. డైరెక్టర్ అనంతపద్మనాభం ఆమెను గదికి పిలిపించాడు. డ్రాయింగులు చూసే ఖాజా మొయినుద్దీన్ అప్పటికే అక్కడ ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"భ్రమరాంబగారూ, డ్రాయింగు మార్చే వీలుందేమోనని ఖాజాగారిని అడిగాను," అన్నాడు డైరెక్టర్.

"మార్చాలంటే పద్నాలుగు మంది మళ్లీ సంతకం పెట్టాలి మేడమ్," అన్నాడు ఖాజా. "అయిదుగురు రిటైరయ్యారు. ఇద్దరు పోయారు. పోయినవాళ్ల సంతకానికీ పద్ధతుంది, కానీ ఏడాదిన్నర పడుతుంది."

"గోదాములో పెట్టె?"

"దాని గడువు తీరిపోయింది మేడమ్. మీ గడువు ఇంకా తొమ్మిదేళ్లుంది."

ఆమె కాసేపు ఫైలు తిరగేసింది. "లక్ష్యాన్ని తాకాక మూడో భాగం సంగతి?"

ఖాజా ఒక పేజీ తీసి ఆమె వైపు తిప్పాడు. "మీరే రాశారు మేడమ్. తిరిగి వాడదగినది కాదు అని."

నిజమే, ఆమె దస్తూరీయే. వాక్యంలో లోపమేదీ కనిపించలేదు. కింద సంతకం పెట్టి తేదీ వేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో సంగతి చెప్పింది. పరంజ్యోతి ఇస్త్రీపెట్టె వేడెక్కడానికి పెట్టాడు. తర్వాత, "కిటికీ ఉంటుందా?" అన్నాడు.

"ఉండదండీ."

"మరి ఏం చూస్తావు?"

"చూడ్డానికి వెళ్లడం లేదు కదా."

అతను తలూపి, ఆమె నేత చీర ఇస్త్రీ చేయడం మొదలుపెట్టాడు. డ్రాయింగులో ఆ చీర బరువు కూడా కలిసి ఉంది. ఒక మడత మీద ఇస్త్రీపెట్టె అలాగే ఆగిపోయింది. ఆమె వెళ్లి అతని చెయ్యి పక్కకు తీసింది.

"అమ్మా, కాదనే వీలు లేదా?" అంది ఉత్పల. ఇంజనీరింగ్ అయిపోయి ఇంట్లోనే ఉంటోంది.

"ఉంది. ఫారంలో దానికో కాలమ్ ఉంది. ఇంతవరకూ ఎవరూ నింపలేదు."

ఉత్పల లోపలికెళ్లి సున్నుండల డబ్బా తెచ్చి తల్లి ముందు పెట్టింది. "నాలుగు తిను. రెండొందల గ్రాములు పెరిగితే చాలు, రేపు తూనికలో నిన్ను తీసుకోరు."

భ్రమరాంబ ఒక సున్నుండ చేతిలోకి తీసుకుని వాసన చూసింది. అనుమతి పొందిన ఆ తొమ్మిది నెలలు తీసేస్తే, ఇరవై ఆరేళ్లలో ఏ సోమవారమూ తూనికలో తప్పలేదు. ఆఫీసులో ప్రతి భాగం ఒక్కసారైనా వెనక్కి వెళ్లింది. వెళ్లనిది తనొక్కతే. సున్నుండను విరిచి ఒక సగం భర్తకు, ఒక సగం కూతురికి ఇచ్చి, వేళ్లు చెంగుకు తుడుచుకుంది.

సముద్రతీరంలో పొద్దున తొమ్మిదింటికి ప్రయోగం. మూత బిగిస్తున్న టెక్నీషియన్‌తో లోపలినుంచే, "పన్నెండో బోల్టు ఎక్కువ బిగించారు, పావు మర వెనక్కి తిప్పండి," అంది. అతను తిప్పాడు. తర్వాత చీకటి. ఆ తర్వాత తొమ్మిది రెట్ల బరువు ఒక్కసారిగా ఆమె మీద కూర్చుంది. పళ్లు బిగించి సెకన్లు లెక్కపెట్టింది. ఇన్నేళ్లూ కాగితం మీద రాసిన అంకెలు ఒక్కొక్కటీ ఎముకల్లో నిజమవుతుంటే, నొప్పితో పాటు ఒళ్లంతా పొంగిపోయింది. ఎనభై మూడో సెకనులో వీపు వెనక, బ్యాటరీని మోటార్లకు కలిపే వైరు తొడుగు వదులైంది. బ్యాటరీ బాగానే ఉంది, మోటార్లూ బాగానే ఉన్నాయి, రెండూ తగిలే చోటే ఊడుతోంది. ఆమె వీపుతో గట్టిగా అదిమింది. అదిమిన వీపు చివరిదాకా తియ్యలేదు.

క్షిపణి లక్ష్యానికి మూడు మీటర్ల దూరంలో దిగింది. కంట్రోల్ గదిలో పెద్దవాళ్లంతా ఒకరినొకరు కావలించుకున్నారు. గంట తర్వాత ముక్కలు ఏరే పడవ నుంచి కబురొచ్చింది: "శకలాలు ఇరవై రెండు. ఒకటి చలేస్తోందంటోంది."

ఆమె ఆస్పత్రిలో ఆరు వారాలుండి తిరిగి ఆఫీసుకు వెళితే గేటు దగ్గర ఆపేశారు. తిరిగి వాడదగినది కాదని రికార్డులో ఉంది. ఖాజా పరుగెత్తుకొచ్చి, "మేడమ్, కుర్చీ ఇవ్వలేం, కానీ పోనివ్వం," అన్నాడు. రెండు నెలలు కమిటీ కూర్చుంది. చివరికి ఆమెను ప్రామాణిక నమూనాగా ప్రకటించి, తనిఖీ హాల్లో తూనిక యంత్రం పక్కన స్థానం కేటాయించారు. మెడలో ఇత్తడి బిళ్ల వేశారు. అది వేసిన రోజు పరంజ్యోతి స్కూలుకు సెలవు పెట్టి వచ్చి దూరంగా నిలబడి చూశాడు. కళ్లు తుడుచుకోవడం అయ్యాక చప్పట్లు కొట్టాడు.

ఆ ఏడే సైన్యం నలభై క్షిపణులు కావాలని అడిగింది. పేపర్లో ప్రకటన పడింది: ఇంజనీరింగ్ డిగ్రీ, అరవై ఒక్క కిలోల నాలుగు వందల గ్రాములు, మోకాళ్లు ముడవగలగాలి. తెల్లారేసరికి గేటు నుంచి బస్టాపు దాకా వరుస కట్టారు. తల్లులు టిఫిన్ డబ్బాలు పట్టుకుని, పిల్లల్ని తిననివ్వకుండా నిలబడ్డారు. ఓ తండ్రి తన కొడుకు నాలుగేళ్లుగా ఈ బరువు మీదే కోచింగ్ తీసుకుంటున్నాడని పక్కవాళ్లకు చెబుతున్నాడు.

మధ్యాహ్నానికి నూట పద్నాలుగో మనిషి తూనిక ఎక్కింది. భ్రమరాంబ తలెత్తి చూసింది. ఉత్పల.

"నువ్వెందుకొచ్చావే?"

"మిగతాచోట్ల అనుభవం అడుగుతున్నారమ్మా. ఇక్కడ బరువొక్కటే."

అరవై కిలోల తొమ్మిది వందలు అని చూపించింది ముల్లు. తనిఖీ గుమస్తా ఎర్ర పెన్ను తీశాడు. భ్రమరాంబ కూతుర్ని పైనుంచి కిందిదాకా చూసింది. భుజాలు తనవే. వీపు కూడా తనదే, వెడల్పుగా, నిటారుగా. గుండె ఒక్కసారి కిందికి జారి, మళ్లీ పైకొచ్చింది. వచ్చాక అది గర్వంలాగే అనిపించింది.

"రాయకండి, ఒక్క నిమిషం," అంది గుమస్తాతో. తర్వాత కూతురి వైపు తిరిగి, మెల్లగా, "అర లీటరు మంచినీళ్లు తాగి రా అమ్మా," అంది.

ఉత్పల బాటిల్ మూత తీసింది. వెనక వరుసలో ఆ మాట విన్నవాళ్లు కూడా ఒక్కొక్కరే తమ బాటిళ్లు బయటికి తీశారు.