లిస్టులో బావమరిది

ఆ రోజుకి గోదాముల గేటు సూపర్‌వైజరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదింటికి గేటు దగ్గర నీళ్ళు కొట్టించి కడిగించడం, పదింటికి కొత్త గార్డుకి మరోసారి పాఠం అప్పజెప్పడం, పదకొండింటికి కొత్త డైరెక్టరుగారికి సెల్యూట్ కొట్టడం, పన్నెండింటికి ఉద్యోగం పర్మనెంటయిందని ఇంటికి ఫోను చెయ్యడం. ఆ చివరిదాని కోసమే పదకొండేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాడు. ప్రతి ఏడాదీ మేనేజరు "వచ్చే ఏడాది చూద్దాంలే" అనేవాడు. ఇవాళ డైరెక్టరు మెచ్చుకుంటే ఇక చూడటాలుండవు.

మెచ్చుకోవలసింది గేటుని. గోదాముల ముందూ వెనకా రోడ్డు తవ్వి, నెల కిందటే కొత్త యంత్రాలు బిగించారు. లోపలికొచ్చేదైనా బయటికెళ్ళేదైనా, బండి వచ్చి ఆగగానే స్తంభం మీది కెమెరా నంబరు చదువుతుంది. నంబరు లిస్టులో ఉంటే, రోడ్డుకి అడ్డంగా నిలబడ్డ ఇనప పలక బుద్ధిగా నేలలోకి దిగిపోతుంది. లేకపోతే నడుమెత్తున అలాగే నిలబడుతుంది. లారీ గుద్దినా కదలదు. హారన్లకీ తిట్లకీ బతిమాలడాలకీ లొంగదు కనక గార్డులు దానికి మొండిఘటం అని పేరు పెట్టుకున్నారు.

పథకానికి మొదటి చిల్లు ఇంట్లోనే పడింది.

"తమ్ముడు ఇవాళ ఇల్లు మారుతున్నాడండీ," అంది భార్య, అతని చొక్కా ఇస్త్రీ చేస్తూ.

"మంచిదే. మారనీ."

"సామానంతా వ్యానుకెక్కించాడు. బయట రోడ్డులో వంతెన కింద పట్టదట, పైనున్న మంచం తగులుతుందట. మీ గోదాముల్లో ముందు గేటున దూరితే వెనక గేటున తేలొచ్చు కదా?"

"ఇవాళా? ఇవాళ చీమని కూడా దూరనివ్వను."

"అవున్లెండి. మా పుట్టింటివాళ్ళు మీకు చీమలకన్నా లోకువ." ఇస్త్రీపెట్టె చొక్కా వీపు మీద కదలకుండా ఆగిపోయింది.

అతనికి ఉన్న మంచి చొక్కా అదొక్కటే. వెంటనే ఒప్పుకున్నాడు.

గోదాముకి వెళ్ళి చూస్తే లిస్టులో నలభై నంబర్లు పడతాయి, నలభయ్యీ నిండి ఉన్నాయి. ఒకటి తీస్తేగానీ ఇంకొకటి ఎక్కదు. వెతగ్గా వెతగ్గా, కిందటి నెల రిటైరయిన పెద్ద మేనేజరుగారి తెల్లకారు నంబరు కనిపించింది. ఆయన ఇంట్లో మనవలతో ఆడుకుంటున్నాడు, ఇక ఆయనకీ గేటెందుకు అనుకున్నాడు సూపర్‌వైజరు. ఆ నంబరు చెరిపేసి వ్యాను నంబరు ఎక్కించాడు. మధ్యాహ్నం తీసేస్తే మూడో కంటికి తెలియదు. ఆయన రిటైరయ్యాడు గానీ, కంపెనీ ఇచ్చిన కారు రిటైరు కాలేదని, అది కొత్త డైరెక్టరుగారికి వెళ్ళిందని పాపం ఎవరూ అతనికి చెప్పలేదు.

తర్వాత గార్డుకి పాఠం చెప్పాడు. "లిస్టే నీకు దేవుడు. నేనెవర్నో తెలుసా అని ఎవడన్నా నమ్మకు. నిన్ను పరీక్ష చెయ్యడానికి వేషాలేసుకుని వస్తారు. పదకొండింటికి ఏ బండికి పలక దిగితే అదే డైరెక్టరుగారి బండి. సెల్యూట్ కొట్టి నాకు ఫోను చెయ్యి."

"అలాగే సార్. ప్రాణం పోయినా సరే," అన్నాడు గార్డు. చేరి వారమే అయింది కాబట్టి ఆ మాట మనసారా అన్నాడు.

పదిన్నరకి రావలసిన బావమరిది సరిగ్గా పదకొండింటికి వచ్చాడు. మొండిఘటం వినయంగా తలదించింది. ఫోను మోగింది. ఆఫీసు మెట్ల మీద పూలగుత్తితో నిలబడ్డ మేనేజరు ముందుకి, నాలుగు కాళ్ళూ ఆకాశానికెత్తిన మంచాన్ని మోస్తూ ఒక డొక్కు వ్యాను వచ్చి ఆగింది.

కొత్త డైరెక్టరుని అక్కడ ఎవరూ చూసి ఎరగరు. "ఆహా, ఎంత నిరాడంబరత! మారువేషంలో తనిఖీకి వచ్చారు!" అని మేనేజరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేసి, దిగిన మనిషి చేతిలో పూలగుత్తి పెట్టాడు. జన్మలో ఏ మర్యాదనీ కాదని ఎరగని బావమరిది దాన్ని అందుకుని, వెనకాల కొయ్యబారిపోయిన సూపర్‌వైజరుని చూసి పళ్ళికిలించాడు.

"ఇవన్నీ ఎందుకు బావా? దారిస్తే చాలదూ!"

మేనేజరు గిర్రున తిరిగాడు. "నువ్వు సార్‌కి బావవా? పదకొండేళ్ళలో ఒక్కనాడైనా చెప్పావుటయ్యా?"

సూపర్‌వైజరు నోరు తెరిచాడు. నిజం చెబితే, లిస్టులోకి వ్యాను ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. నోరు మూశాడు. మరు నిమిషంలో అతను మీటింగు గదిలో, ఇన్నేళ్ళూ గోడకి ఆనుకుని నిలబడిన చోట, మెత్తటి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుర్చీ నిజంగా హాయిగా ఉంది. బావమరిది రెండో టీ తాగుతూ, బిస్కెట్లు ఖాళీ చేస్తూ, "పలక బానే ఉందండీ. మా మంచం తగల్లేదు," అంటుంటే మేనేజరు దాన్ని శ్రద్ధగా రాసుకుంటున్నాడు.

ఫోను మళ్ళీ మోగింది. గార్డు గొంతులో ఉత్సాహం పొంగుతోంది.

"మీరు చెప్పినట్టే వేషగాడొచ్చాడు సార్! తెల్లకారు. డైరెక్టర్నంటున్నాడు. కార్డు కూడా చేయించుకొచ్చాడు. ఏం నటన సార్, మొహం ఎర్రగా కందిపోయింది!"

తెల్లకారు అనగానే సూపర్‌వైజరుకి పొద్దున చెరిపేసిన నంబరు గుర్తొచ్చింది, ఆ కారు ఎవరికి వెళ్ళిందో అర్థమైంది. అలాగే కూర్చుంటే ఇంకో అరగంట కుర్చీ దక్కుతుంది. ఆ తర్వాత తన తప్పుకి పాపం గార్డు బలవుతాడు. ఆ ఊహకే అతనికి సిగ్గేసింది. లేచి పరుగెత్తాడు.

గేటు దగ్గర డైరెక్టరు ఎండలో నిలబడి ఉన్నాడు. ఇనప పలకకి అటు ఆయన, ఇటు గార్డు. సూపర్‌వైజరు రొప్పుతూనే అంతా చెప్పేశాడు. వ్యాను, వంతెన, మంచం, చెరిపిన నంబరు. ఇస్త్రీపెట్టె సంగతి కూడా చెప్పాడు. "గార్డు తప్పేం లేదండీ. నేను చెప్పిందే చేశాడు. తప్పంతా నాదే."

డైరెక్టరు చెమట తుడుచుకుని, నడుమెత్తు పలకని ఒకసారి అరచేత్తో కొట్టి చూశాడు.

"ఈ వారం మూడు గోదాములు చూశానయ్యా. మూడు చోట్లా యంత్రం నన్ను ఆపింది, నేను గద్దిస్తే మనుషులు నంబరెక్కించి దించేశారు. ఇక్కడొక్కచోటే మనిషి కూడా ఆగాడు. నీ గేటు పాసయింది. నీ లిస్టే తప్పింది." ఒక్క క్షణం ఆగి, "తప్పిందని నువ్వే పరుగెత్తుకొచ్చి చెప్పావు కాబట్టి, నిన్ను కూడా పాస్ చేస్తున్నాను," అన్నాడు.

పన్నెండు కాకుండానే ఉత్తర్వు చేతికొచ్చింది. దానితోపాటు ఇంకో కాగితం కూడా. ఇకమీదట డైరెక్టరు సంతకం లేకుండా లిస్టులో ఒక్క అంకె మారకూడదు. తన కారు నంబరు తిరిగి ఎక్కించి, వ్యాను నంబరు తన చేత్తోనే చెరిపి, ఆయన సంతోషంగా వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చేది పదిరోజుల తర్వాత.

నాలుగో టీ ముగించి బావమరిది వ్యానుని వెనక గేటు దగ్గరికి తోలాడు. మొండిఘటం కదల్లేదు.

"దించు బావా. నేనెవర్నో తెలీదా?"

సూపర్‌వైజరు పర్మనెంటయి అప్పటికి గంట. కొత్త గార్డు పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"ఎవరైనా సరే. లిస్టులో లేదు," అన్నాడతను, గొంతు కాస్త సవరించుకుని. ఆ మాట అన్నందుకు లోపల గర్వంగానే అనిపించింది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి భార్య మొహం వెలిగిపోతోంది. ఉద్యోగం సంగతి విన్నందుకు కొంత. వ్యాను బయటికొచ్చేదాకా పదిరోజులూ తమ్ముడూ మరదలూ పిల్లలిద్దరూ ఇక్కడే ఉంటున్నందుకు మిగతాది. పూలగుత్తి బల్ల మీద ఉంది, బావమరిది అతని కుర్చీలో ఉన్నాడు. లారీ గుద్దినా కదలని మొండిఘటాలు గోదాములకే వస్తున్నాయి, ఇళ్ళ గుమ్మాలకి బిగించేవి ఇంకా రాలేదు.