కెప్టెన్‌గారి ఎర్రచెక్క

సెలవు రోజు ఉదయం ఒక బీమా ఆఫీసు గుమస్తా ఒక్కటే పని పెట్టుకున్నాడు: ఎముకల గూడులా నిలబడ్డ తన బొమ్మ ఓడ పొట్టకు ఏ చెక్క పలకలు అతికించాలో తేల్చేయడం. ఆ ఓడ పుణ్యాన వీధంతా అతన్ని కెప్టెన్ అనేది. టేకు వంచబోతే ఫెళ్లుమంది. తెల్లచెక్క చెప్పినట్టు వంగింది గానీ, మరీ పాలిపోయి ఓడకు జ్వరం వచ్చినట్టుంది. ఎర్రచెక్క రంగు చూస్తే మాత్రం కెప్టెన్‌కు కడుపు నిండిపోయింది. నానితే వంగుతుందని దాని బద్దల్ని బకెట్లో వేడినీళ్లు పోసి వేశాడు.

నర్సుగా పనిచేసే భార్య డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగింది. "ఏమండీ, నా తెల్లకోట్లు సబ్బునీళ్లలో నానేయండి. రేపు పెద్ద డాక్టరమ్మ తనిఖీ. ఈ ఓడ మూలంగా ఇంట్లో ఇంకొక్కటి పాడైందా, దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాను!"

"నానేస్తాలే, నువ్వు నిశ్చింతగా వెళ్లు," అన్నాడు ఓడ మీంచి కళ్లు తీయకుండా. వేడినీళ్లు ఎలాగూ సిద్ధంగా ఉన్నాయి కదా అని అదే బకెట్లో కోట్లు పడేసి, గుప్పెడు సబ్బుపొడి చల్లాడు.

అప్పటిదాకా బుద్ధిగా ఉన్న ఎర్రచెక్క, సబ్బు తగలగానే లోపలున్న రంగంతా కక్కేసింది. కాసేపటికి కత్తి పట్టుకుని బద్దల కోసం వచ్చిన కెప్టెన్‌కు కోట్లన్నీ ఎర్రగా కనిపించాయి. కత్తి చేతిలో ఉండగానే గబగబా కోట్లు పిండాడు. ఎంత పిండితే అంత ఎరుపు. ఆ కంగారులో బకెట్‌ను కాస్తా తన్నేశాడు.

చప్పుడుకు వంటింట్లో ఉన్న అత్తగారు పరుగెత్తుకొచ్చింది. అల్లుడి చేతిలో కత్తి, మోచేతుల దాకా ఎరుపు, నేలంతా ఎర్రటి మడుగు.

"అయ్యో నాయనా! ఎంత కోసుకున్నావయ్యా!"

"నెత్తురు కాదత్తయ్యా, కోట్లు..."

"పాపం, మాట తేడాగా వస్తోంది. మాట్లాడకు!" అంటూ ఆవిడ కూతురికి ఫోన్ చేసేసింది. "అమ్మాయీ, మీ ఆయనకు బకెట్టెడు రక్తం పోయిందే!"

భార్య పనిచేసే ఆసుపత్రి నుంచి అంబులెన్సు రానే వచ్చింది. ఇద్దరు మనుషులు కెప్టెన్ మొర ఆలకించకుండా స్ట్రెచర్ ఎక్కించి బెల్టులు బిగించారు. వాళ్ల వెనకే ఏడుస్తూ భార్య, ఆమె వెనక సాక్షాత్తూ పెద్ద డాక్టరమ్మ. ఆవిడ రోగి చెయ్యి వేలితో తుడిచి, వాసన చూసింది.

"రక్తం కాదమ్మా. చెక్క రంగు."

ఇక ఓడ పని అయిపోయిందని కెప్టెన్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. భార్య గులాబీ రంగు కోట్లకేసి చూసింది, మొగుడి వేళ్లన్నీ తడిమి చూసుకుంది, మళ్లీ భోరుమంది. "కోట్లు పోతే పోయాయి. ఓడ ఇక్కడే ఉంటుంది. మీరు బతికున్నారు, నాకంతే చాలు. ఆ తెల్లచెక్కే అతికించుకోండి. కత్తి మాత్రం నా దగ్గరుంటుంది."

ఆమె మాట మీద నిలబడే మనిషి. అప్పటినుంచి కెప్టెన్‌కు కత్తి రోజుకు రెండుసార్లు, భోజనం తర్వాత, నర్సమ్మ ఎదురుగా మాత్రమే అందుతోంది.