స్టాకు సరిగ్గనే ఉన్నది

జితేందర్ సారు మీద నాకొక ఫిర్యాదున్నది. మా ఊరి హైస్కూల్ల కంప్యూటర్ ల్యాబును ఆయన ఏడాదికొక్కసారి తెరుస్తడు. ఆ ఒక్కసారి మాత్రం ఎందుకు తెరవాలె? ఇంత పదిలంగ కాపాడుకొచ్చిన ల్యాబుకు ఏటా ఒక పూట గాలి తగిలిచ్చుడు ఏం న్యాయం!

ఊరి పేరు చెప్పను. గరిడేపల్లి దిక్కు అనుకోండ్రి, చాలు. చెప్తే జిల్లాల ఉన్న సార్లందరు బస్సెక్కి చూడొస్తరు. వాళ్లొస్తే తాళం తియ్యాల్సి వస్తది.

నా పేరు శంకరయ్య. ఏడో తరగతిల బడి బంద్ పెట్టి మిర్యాలగూడల మోటార్ల పని నేర్చుకున్న. ముప్పై ఏండ్ల సంది పొలాల మోటార్లకు వైండింగు చేసుకుంట బతుకుతున్న. ఆ అనుభవంతోని చెప్తున్న, రాసి పెట్టుకోండ్రి: కాలిన మోటార్లన్నీ తిరిగిన మోటార్లే! తిరగని మోటారు కాలిందని ఒక్క రైతన్న నా దుకాణం మెట్లెక్కిండా? అసొంటప్పుడు కంప్యూటర్లను పిల్లలతోని నడిపియ్యాలనేటోళ్లకు బుద్ధి ఉన్నదా?

మాది మామూలు ల్యాబు కాదు, నెట్‌వర్క్ ల్యాబు. పది తెరలు, పది కీబోర్డులు, పది మౌసులు. అన్నిటికి కలిపి ఒకటే పెద్ద డబ్బా, దాన్ని సర్వర్ అంటరు. అది ఆన్ అయితేనే పది తెరలకు పానమొస్తది. అందుకే సారు ముందుగాల సర్వర్‌ను తీస్కపోయి హెడ్‌మాస్టర్ రూంల ఇనుప బీరువాల పెట్టిండు. ఇగ దొంగ తెరలెత్తుకపోతే ఏం లాభం? సర్వర్ ఎత్తుకపోతే మాత్రం ఏం లాభం? తల ఒక రూంల, మొండెం ఒక రూంల! ఇంత తెలివి బ్యాంకులోళ్లకు కూడా లేదు.

తర్వాత వైర్లు. స్టాక్ రిజిస్టర్ల "నీలం వైరు, తొంభై మీటర్లు" అని ఉన్నది. గోడకు కొట్టిన వైరును ఎట్ల కొలవాలె? ఎలుక కొరికితే జవాబుదారి ఎవరు? సారు మొత్తం పీకి, చుట్ట చుట్టి, యూరియా సంచిల పెట్టి మూతి కుట్టిండు. కుట్టక ముందు ఆ చుట్టను చూసిన. ముప్పై ఏండ్ల సంది రాగితీగ చుట్టే నాక్కూడా అంత సాఫ్ రాదు. నెట్‌వర్క్ అంటే అన్నిటిని కలుపుడట. కలిపితే ఒకదాని రోగం అన్నిటికి అంటుకుంటది. సారు విడగొట్టి అన్నిటిని బతికిచ్చిండు!

మరి పిల్లల చదువో అంటరా? ఎందుకు లేదు! వారానికి రెండు పీరియడ్లు టైంటేబుల్ల ఉన్నయి. సారు బోర్డు మీద చాక్‌పీసుతోని కంప్యూటర్ గీస్తడు, పిల్లలు నోట్సుల దించుకుంటరు. మౌస్ బొమ్మకు ఐదు మార్కులు. మా బిడ్డ అఖిల తోకతో సహా గీసి ఐదుకు ఐదు తెచ్చుకున్నది. కరెంటు బిల్లు లేదు, రిపేరు లేదు, వైరస్ లేదు. దసరా సెలవులకు ముందు కిటికీల నుంచే తెరలకు దండం పెట్టిచ్చి, తలా పిడికెడు శనగలు పంచుతరు.

ఒకసారి నేనే నోరు జారిన. బడి పక్కన నా సొంత దుకాణం కట్టుకుందామనుకున్న రెండు గుంటల జాగను ల్యాబు రూముకు ఇచ్చినోన్నని స్కూల్ కమిటీల నన్ను కూడా పెట్టిన్రు. ఆ మాత్రం హక్కున్నదనుకున్న.

"సారూ, నెలకొక్క దినమన్న పిల్లలను కూసోబెట్టున్రి. వైర్లు నేను బిగిస్త, పైసలొద్దు" అన్న.

"శంకరన్నా, సుధాకర్ సారు ముచ్చట నీకు ఎరుకనా?"

"ఎరుకనే."

"మరి?"

సుధాకర్ సారు మా జితేందర్ సారు కన్న ముందు ల్యాబు ఇంచార్జి. పాపం, ఆయన తెరిచిండు. రోజూ పిల్లలను కూసోబెట్టి టైపింగు నేర్పిండు. రిటైరయ్యే నాడు లెక్క చూస్తే ఒక కీబోర్డు తక్కువొచ్చింది. పింఛన్ కాయితాలు ఆగినయి. కొత్తది కొనిచ్చినా ఏడాదిన్నర సూర్యాపేట ఆఫీసుల చుట్టు తిరిగిండు. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలెందరో ఏ రిజిస్టర్ల లేదు. పోయిన కీబోర్డు మాత్రం నంబరుతో సహా ఉన్నది.

"నాకింక పద్నాలుగేండ్ల సర్వీసున్నది అన్నా" అన్నడు జితేందర్ సారు, తాళంచెయ్యి జేబుల వేసుకుంట. "నీ మోటార్లకు రిజిస్టర్ లేదు కాబట్టి నువ్వు గిట్ల మాట్లాడుతున్నవ్."

నిజమే కదా! ఒప్పుకొని ఇంటికొచ్చిన.

ఈ ఎండాకాలం అఖిల ఇంటర్ పూర్తి చేసి ఇంజినీరింగ్ ఎంట్రెన్స్ రాసింది. సెంటర్ కోదాడల పడ్డది. పరీక్ష కాయితం మీద కాదు, కంప్యూటర్ మీద. నేను గేటు బయట నిలబడ్డ. లోపల ఏమైందో తర్వాత పిల్లనే చెప్పింది. తెరను ఫోన్ లెక్క వేలుతోని ఒత్తిందట. కదల్లేదు. మళ్ల ఒత్తిందట.

అక్కడి మేడమ్ వచ్చి, "ఏమ్మా, మౌస్ పట్టుకోవడం రాదా? మీ స్కూల్లో ల్యాబ్ లేదా ఏంటి?" అన్నదట.

"ఉన్నది మేడమ్. మంచిగనే ఉన్నది" అన్నదట మా పిల్ల.

అబద్ధం ఆడలేదు చూడున్రి!

మౌసైతే పట్టుకున్నది. కానీ జవాబు పెట్టినంక సేవ్ అనే బటన్ ఒత్తాలెనట, లేకుంటే ఆ జవాబు నిలవదట. మొదట్లనే తెర మీద రూల్స్ వచ్చినయట గాని, మౌస్‌తోని కొట్లాటల ఎవరు చదువుతరు? జవాబు పెట్టుకుంట, పక్కనున్న ప్రశ్నల నంబర్ల మీద ఒత్తుకుంట పోయింది. సగం దాటినంక గాని తెలవలేదు. వెనక్కి పోదామంటే టైం ఖతం. ఆఖరికి చూస్తే, ఆమె పెట్టిన జవాబులల్ల డెబ్బై ఒకటి లేనే లేవు. సీటు రాలేదు.

ఏడ్వలేదు పిల్ల. ఆ డెబ్బై ఒకటి ఇంట్ల కూసోని కాయితం మీద మళ్ల చేసింది. "అరవై రెండు కరెక్టే నాయినా" అని నాకు చూపెట్టింది.

మొన్న సోమవారం, స్టాకు లెక్క చూసే ఆ ఏడాదికొక్క దినం రానే వచ్చింది. తాళం తీసిన్రు. చెప్పులు బయట ఇడిచి లోపలికి పోయినం. పది తెరలు, పది కీబోర్డులు, పది మౌసులు, సంచిల తొంభై మీటర్లు, బీరువాల సర్వర్. ఒక్కటి తగ్గలేదు.

"సారూ, ఒకసారి ఆన్ చేసి చూద్దామా?" అన్న.

"నడుస్తదా నడవదా అనే గడి రిజిస్టర్ల లేదు అన్నా" అన్నడు.

పైన మీకొక మాట చెప్పలేదు, మన్నించున్రి. తిరగని మోటారు కాలదు. జామ్ అయితది. నాలుగేండ్లు మూలకు పెట్టిన మోటారును నా అసొంటోడు వంద మంది కలిసినా తిప్పలేరు.

సారు చివరి గడిల "నష్టం: ఏమీ లేదు" అని ముత్యాల లెక్క రాసి, సాక్షి సంతకానికని పెన్ను నా చేతికిచ్చిండు.

"పెట్టు శంకరన్నా. అన్ని సరిగ్గనే ఉన్నయి కదా."

ఏడో తరగతి దాకా చదివినోన్ని, సంతకమైతే వస్తది. పెట్టిన. పెట్టే ముందు అదే గడిల, సారు రాసిన దాని కింద, నా వంకర అక్షరాలతోని ఇంకో ముక్క చేర్చిన:

"జవాబులు డెబ్బై ఒకటి. బడి పక్కన రోడ్డు వెంబడి జాగ, రెండు గుంటలు."